కడుపు నిలిచే వేళ!

తల్లీబిడ్డల మధ్య మొదటి పలకరింపు ఎప్పుడు? పొత్తిళ్లలో పెట్టినప్పుడు కాదు. కడుపులో కాలితో తన్నినప్పుడూ కాదు. నెల తప్పడానికి వారం రోజుల ముందే అది మొదలైపోతుంది. మాటలుండవు, శబ్దం ఉండదు. అటు నుంచి ఒక రసాయనం, ఇటు నుంచి ఒక రసాయనం... అంతే. ఆ సంభాషణ కుదిరితేనే ఓ ప్రాణం నిలుస్తుంది!

'నెల తప్పింది', 'నీళ్లోసుకుంది', 'కడుపు పండింది'... తల్లి కాబోతున్న అమ్మాయి గురించి మన ఇళ్లలో ఎన్ని మాటలో! వాటన్నిటిలోకీ శాస్త్రానికి దగ్గరగా ఉన్న మాట మాత్రం ఒకటుంది. అదే 'కడుపు నిలిచింది'. అండం, శుక్రకణం కలిసినంత మాత్రాన గర్భం వచ్చినట్టు కాదు. ఆ కలయికతో ఏర్పడిన పిండం గర్భాశయం దాకా రావాలి. అక్కడ గోడకు అంటుకోవాలి. వేళ్లూనుకోవాలి. అంటే... నిలవాలి. వైద్యులు ఇంప్లాంటేషన్ అని పిలిచే ఈ ఘట్టాన్ని మన పెద్దవాళ్లు ఒక్క ముక్కలో ఎప్పుడో చెప్పేశారు.

సిద్దిపేట జిల్లా కుకునూరుపల్లి... హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ప్రజ్ఞాపూర్ దాటాక వచ్చే ఊరు. 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడే వరకూ మెదక్ జిల్లాలో ఉండేది. ఇలాంటి ఊళ్లలో ఇప్పుడు నెల తప్పిందన్న అనుమానం వస్తే పట్నం దాకా పరుగెత్తాల్సిన పనిలేదు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఆశా కార్యకర్తల దగ్గర 'నిశ్చయ్' అనే పరీక్ష కిట్లు ఉంటాయి. కొన్ని చుక్కల మూత్రం వేసి కొద్ది నిమిషాలు ఆగితే చాలు. రెండు గీతలు కనిపిస్తే ఇంటిల్లిపాదీ పండగే. కానీ ఆ రెండో గీత పడటానికి ముందు కడుపులో ఎంత కథ జరుగుతుందో తెలిస్తే ఆశ్చర్యపోవాల్సిందే.

వారం రోజుల ప్రయాణం

అండాశయం నుంచి విడుదలైన అండం, శుక్రకణంతో కలిసేది గర్భాశయంలో కాదు. పక్కనున్న ఫాలోపియన్ నాళంలో. అక్కడ ఒక్క కణంగా మొదలైన పిండం రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోతూ, నాళంలో మెల్లగా దొర్లుకుంటూ గర్భాశయం వైపు సాగుతుంది. నాలుగో రోజుకల్లా గర్భాశయంలోకి చేరుతుంది. ఐదో రోజుకు లోపల నీరు నిండిన చిన్న బుడగలా మారుతుంది. దీన్ని బ్లాస్టోసిస్ట్ అంటారు. గసగసాల గింజ కన్నా చిన్నది. అందులో ఉండేది వందో, అటూ ఇటుగానో కణాలు.

ఆ కొద్ది కణాలూ అప్పటికే పనులు పంచేసుకుంటాయి. లోపల ఓ మూలన గుంపుగా ఉన్నవి బిడ్డగా మారతాయి. చుట్టూ గోడలా ఉన్నవి మాయగా మారి బిడ్డకు అన్నం, గాలి అందించే బాధ్యత తీసుకుంటాయి. వీటికి ట్రోఫోబ్లాస్ట్ కణాలని పేరు. తల్లితో మాట్లాడేదీ, బేరమాడేదీ, చోటు సంపాదించేదీ ఇవే. అంటే ఇల్లు కట్టుకోవడానికి ముందే బిడ్డ తరఫున ఓ పెద్దమనిషి తయారన్నమాట!

అప్పటిదాకా పిండం చుట్టూ గుడ్డుపెంకు లాంటి పల్చటి పొర ఒకటి ఉంటుంది. నాళంలోనే ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా కాపాడేది అదే. గర్భాశయంలోకి వచ్చాక పిండం ఆ పొరను చీల్చుకుని బయటకు వస్తుంది, కోడిపిల్ల పెంకు పగలగొట్టుకు వచ్చినట్టు. ఈ 'పొదిగే' ఘట్టం ఎలా జరుగుతుందన్నదాని మీద బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పొలాని శేషగిరి బృందం హ్యామ్‌స్టర్ పిండాలతో ఏళ్ల తరబడి పరిశోధనలు చేసింది. పెంకు వీడని పిండానికి గర్భాశయం గోడను తాకే అవకాశమే లేదు మరి.

తలుపు తెరిచేది కొన్నాళ్లే!

ఇటు తల్లి వైపు ఏం జరుగుతోంది? అండం విడుదలకు ముందు ఈస్ట్రోజెన్ హార్మోను గర్భాశయం లోపలి పొరను మందంగా పెంచుతుంది. అండం విడుదలయ్యాక, అది ఉన్న చోటే కార్పస్ లూటియం అనే పసుపుపచ్చటి గ్రంథి తయారై ప్రొజెస్టెరాన్ హార్మోనును వదులుతుంది. పొలం దున్నే పని ఈస్ట్రోజెన్‌ది అయితే, నీళ్లు పెట్టి, ఎరువు చల్లి విత్తనానికి సిద్ధం చేసే పని ప్రొజెస్టెరాన్‌ది. ఆ ప్రభావంతో లోపలి పొర మెత్తబడుతుంది. గ్రంథులు పోషకాలతో నిండుతాయి. రక్తనాళాలు మెలికలు తిరుగుతూ పెరుగుతాయి.

అయితే ఆ పొలం ఎప్పుడూ సిద్ధంగా ఉండదు. 28 రోజుల రుతుచక్రంలో సుమారు 20 నుంచి 24వ రోజు మధ్యే గర్భాశయం పిండాన్ని స్వీకరిస్తుంది. అంతకు ముందొస్తే తలుపు ఇంకా తెరవలేదు. ఆలస్యంగా వస్తే మూసేశారు!

ఆలస్యానికి ఎంత మూల్యమో అమెరికాలోని నార్త్ కరోలినాలో జరిగిన ఓ అధ్యయనం తేల్చింది. గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీల నుంచి రోజూ మూత్రం నమూనాలు సేకరించి పరీక్షించారు. 1999లో వెలువడిన ఫలితాల ప్రకారం... నిలబడిన గర్భాల్లో 84 శాతం, అండం విడుదలైన తర్వాత 8, 9, 10 రోజుల్లోనే గోడకు అంటుకున్నాయి. తొమ్మిదో రోజులోపు అంటుకున్న వాటిలో 13 శాతమే తొలి వారాల్లో పోయాయి. పదో రోజైతే 26 శాతం. పదకొండో రోజైతే 52 శాతం. ఆ తర్వాత అంటుకున్న వాటిలో ఏకంగా 82 శాతం నిలవలేదు. ఒక్కో రోజు ఆలస్యానికీ అంత తేడా!

అదే బృందం 1988లో మరో సంగతి కూడా బయటపెట్టింది. మొత్తం గర్భాల్లో 22 శాతం, వచ్చినట్టు ఆ స్త్రీకి తెలియకముందే పోతున్నాయి. 'ఈసారి నెలసరి రెండ్రోజులు ఆలస్యమైంది' అనుకుంటారంతే.

చిట్టెలుక చెప్పిన రహస్యం

గర్భాశయం తలుపు తెరిచే తాళంచెవి ఏది? ఈ ప్రశ్నకు మొదటి గట్టి జవాబు 1992లో ఎలుకల నుంచి దొరికింది. కొలిన్ స్టీవార్ట్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికాలో, 'లిఫ్' అనే ప్రొటీను లేని ఎలుకలను తయారుచేసింది. నిజానికి ఆ ప్రొటీనుకూ గర్భానికీ సంబంధం ఉందని పేరు చూస్తే అనిపించదు. ఎలుకల్లో రక్తక్యాన్సర్ కణాలను అదుపు చేస్తుందని తెలియడంతో లుకేమియా ఇన్‌హిబిటరీ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. ఆ పేరులోని తొలి అక్షరాలే లిఫ్.

లిఫ్ లేని ఆడ ఎలుకలు ఆరోగ్యంగానే ఉన్నాయి. అండాలు విడుదలయ్యాయి. పిండాలూ తయారయ్యాయి. కానీ ఒక్కటీ నిలవలేదు. గర్భాశయంలో ఊరికే తేలుతూ ఉండిపోయాయి. పిండాల్లోనే లోపం ఉందేమోనని వాటిని తీసి మామూలు ఎలుక గర్భాశయంలో పెట్టారు. చక్కగా అంటుకుని, పిల్లలుగా పుట్టాయి! లిఫ్ లేని ఎలుకలకు బయటి నుంచి ఆ ప్రొటీను అందిస్తే వాటి గర్భాశయం కూడా పిండాలను స్వీకరించింది. విత్తనం మంచిదైనా నేల పిలవకపోతే మొలకెత్తదని అంత స్పష్టంగా తేలడం అదే మొదటిసారి.

'ఇంకేం... పిల్లల్లేని వారికి లిఫ్ ఇంజెక్షన్లు ఇచ్చేస్తే సరి!' అనుకున్నారు. ఇచ్చి చూశారు కూడా. పదేపదే ఐవీఎఫ్ విఫలమైన స్త్రీల మీద జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. లాభం కనిపించలేదు. ఎలుకకు ఒక్క తాళంచెవి చాలు. మనిషి తలుపుకు తాళాలు చాలా ఉన్నాయి.

దొర్లి, ఆగి, పాతుకుని...

తలుపు తెరిచాక పిండం చేసే పని చూడాలి. ముందు గోడ పక్కనే మెల్లగా దొర్లుతుంది. తర్వాత ఓ చోట ఆగుతుంది. గట్టిగా అంటుకుంటుంది. చివరకు లోపలికి చొచ్చుకుపోతుంది.

దొర్లి ఆగే కిటుకు 2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సుసాన్ ఫిషర్ బృందం కనిపెట్టింది. ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలితే రక్తంలోని తెల్లకణాలు ఆ చోట రక్తనాళం గోడను పట్టుకుని ఆగుతాయి. అలా పట్టుకోవడానికి వాటికి సెలెక్టిన్ అనే జిగురు లాంటి ప్రొటీను ఉంటుంది. సరిగ్గా అదే ప్రొటీను పిండం పైపొర మీదా ఉంది! గర్భాశయం గోడ మీద, ఆ నాలుగైదు రోజులూ, సెలెక్టిన్‌కు అతుక్కునే చక్కెర అణువులు ఎక్కువగా పుట్టుకొస్తాయి. దాంతో జారిపోయే పిండానికి పట్టు దొరుకుతుంది. ఆ తర్వాత ఇంటెగ్రిన్లు అనే మరో రకం ప్రొటీన్లు కొక్కేల్లా పనిచేసి బంధాన్ని బిగిస్తాయి.

ఎవరు ముందు పలకరిస్తారన్నది మరో చిత్రం. ఎలుకల్లో పిండం ఉన్న చోట మాత్రమే, అది అంటుకోవడానికి ఆరేడు గంటల ముందే, గోడ మీద ఓ ప్రొటీను ప్రత్యక్షమవుతుందని సుధాంశు కె.డే బృందం 1994లో గుర్తించింది. పిండం లేని పక్క చోట్ల దాని జాడే లేదు. అంటే అతిథి ఏ గుమ్మం ముందు నిలబడ్డాడో ఇంటివారికి ముందే తెలుస్తోందన్నమాట. ఈ కబుర్లు మోసే అణువుల్లో ఒకదాని పేరు మరీ తమాషా... 'ఇండియన్ హెడ్జ్‌హాగ్'. మన దేశంలో కనిపించే ముళ్ల జంతువు పేరది! ఈగల్లో ఈ కుటుంబపు జన్యువు చెడితే పిల్లపురుగు ఒంటినిండా ముళ్లు మొలిచాయి. అందుకే ఈ జన్యువులకు అలాంటి పేర్లు పెట్టారు. ప్రొజెస్టెరాన్ ఇచ్చిన ఆదేశాన్ని పైపొర నుంచి కింది పొరకు చేరవేసేది ఈ అణువే.

మనిషి పిండం గోడలోకి దూరే తీరును బార్సిలోనా శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేసిన మెత్తటి పదార్థంలో వీడియో తీశారు. 2025 ఆగస్టులో ఆ ఫలితాలు ప్రచురించారు. ఎలుక పిండం పైపైనే ఉండిపోతే, మనిషి పిండం చుట్టూ ఉన్న పదార్థాన్ని బలంగా లాక్కుంటూ లోపలికంటా దిగిపోయింది. అందుకే ఆ సమయంలో కొందరు స్త్రీలకు కడుపులో కాస్త పట్టేసినట్టు ఉండటం, చిన్న రక్తపు మరక కనిపించడం జరగొచ్చు. అందరికీ ఉండాలని మాత్రం లేదు.

'నేనొచ్చా'నంటూ తొలి కబురు

అంటుకుంటే సరిపోదు. వచ్చిన సంగతి తల్లి శరీరానికంతటికీ తెలియాలి. లేదంటే రెండు వారాల్లో కార్పస్ లూటియం తన పని అయిపోయిందనుకుని వాడిపోతుంది. ప్రొజెస్టెరాన్ పడిపోతుంది. నెలసరి వచ్చేస్తుంది. పిండమూ కొట్టుకుపోతుంది.

అందుకే ట్రోఫోబ్లాస్ట్ కణాలు గోడలోకి దిగుతూనే హెచ్‌సీజీ అనే హార్మోనును తల్లి రక్తంలోకి పంపిస్తాయి. 'ప్రొజెస్టెరాన్ ఆపొద్దు' అని కార్పస్ లూటియానికి అందే కబురు అది. తొలి రోజుల్లో దాని మోతాదు రెండ్రోజులకోసారి దాదాపు రెట్టింపవుతూ పోతుంది. మూత్రంలోకి వచ్చే ఆ హార్మోనునే నిశ్చయ్ కిట్ అయినా, మందుల షాపు కిట్ అయినా పట్టుకునేది. నెల తప్పకముందే తొందరపడి పరీక్ష చేసుకుంటే 'లేదు' అని వచ్చేది కూడా ఇందుకే. పిండం గోడకు అంటుకోకముందు ఆ కబురే బయల్దేరదు.

ఆ ఒక్క కబురు ఆగిపోతే ఏమవుతుందో చూపించింది మన దేశమే. దిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో జి.పి.తల్వార్ బృందం హెచ్‌సీజీని అడ్డుకునే టీకా తయారుచేసి 148 మంది స్త్రీల మీద పరీక్షించింది. 1994లో ప్రకటించిన ఫలితాల్లో, రక్తంలో తగినన్ని యాంటీబాడీలు ఉన్న సమయంలో 1224 రుతుచక్రాలకు గాను ఒకే ఒక్క గర్భం వచ్చింది. టీకా ప్రభావం తగ్గాక స్త్రీలు మళ్లీ గర్భం దాల్చారు.

బర్రె కథ వేరు

కుకునూరుపల్లి చుట్టుపక్కల ఊళ్లలో పాడి ఉన్న ఏ రైతునడిగినా ఇంకో రకం 'నిలవడం' గురించి చెబుతాడు. బర్రె ఎదకొచ్చింది, సూది వేయించారు. 21 రోజులకు మళ్లీ ఎదకొస్తే 'తిరగపొర్లింది' అంటారు. రాకపోతే చూడి నిలిచినట్టే లెక్క.

పశువుల్లో పిండం గోడలోకి దూరిపోదు. బదులుగా సన్నటి దారంలా సాగుతుంది. ఆవులో మూడో వారానికి అది జానెడు పొడవు కూడా ఉంటుంది! అంత సాగి, గర్భాశయం గోడను వీలైనంత మేర తాకుతూ ఇంటర్‌ఫెరాన్-టౌ అనే ప్రొటీనును వదులుతుంది. వైరస్‌లు సోకినప్పుడు ఒంట్లో పుట్టే ఇంటర్‌ఫెరాన్లకు ఇది దగ్గరి చుట్టం. 'ఇక ఎదకు రావద్దు' అన్న కబురు ఇదే. 16, 17 రోజులకల్లా అది గట్టిగా అందకపోతే పశువు మళ్లీ ఎదకొస్తుంది. అంటే మనిషైనా, పశువైనా సూత్రం ఒకటే... వచ్చిన అతిథి తన రాకను తానే చెప్పుకోవాలి. చెప్పే భాషే వేరు.

కొన్ని జంతువుల్లో ఈ ఘట్టానికి వాయిదా కూడా ఉంది. కొన్ని జాతుల ఎలుగుబంట్లలో, సీల్ జంతువుల్లో పిండం నెలల తరబడి గర్భాశయంలో నిద్రపోతూ ఉంటుంది. తిండీ తిప్పలూ సరిపడా దొరికే కాలంలో పిల్లలు పుట్టేలా, సమయం చూసుకుని అప్పుడు అంటుకుంటుంది.

సగం పరాయిదైనా...

ఒకరి మూత్రపిండం మరొకరికి అమర్చితే ఒళ్లు ఊరుకోదు. పరాయిదని దాడి చేస్తుంది. పిండంలో సగం జన్యువులు తండ్రివి. తల్లి ఒంటికి అదీ పరాయిదే కదా! మరి తొమ్మిది నెలలు ఎలా మోస్తుంది? 1953లో ఈ ప్రశ్న అడిగింది పీటర్ మెదావర్. తర్వాత 1960లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. ఆ ప్రశ్నకు జవాబులు ఇప్పటికీ ఒక్కొక్కటిగా దొరుకుతున్నాయి.

తొలి నెలల్లో గర్భాశయం పొరలో ఉండే రోగనిరోధక కణాల్లో సుమారు 70 శాతం 'నేచురల్ కిల్లర్' కణాలే. పేరు భయపెట్టేదే కానీ ఇక్కడ వాటి పని చంపడం కాదు. తల్లి రక్తనాళాలను వెడల్పు చేసి మాయకు రక్తం బాగా అందేలా చూడటం. ట్రోఫోబ్లాస్ట్ కణాలు హెచ్ఎల్ఏ-జీ అనే గుర్తింపు కార్డు లాంటి ప్రొటీనును చూపించి వాటిని శాంతపరుస్తాయి.

ఇక్కడ ఒప్పందం చాలా సున్నితం. పిండం మరీ పైపైనే ఆగి, రక్తనాళాలు సరిగా వెడల్పవకపోతే తర్వాతి నెలల్లో బీపీ పెరిగి, గుర్రపువాతం దాకా వెళ్లే ప్రీఎక్లాంప్సియా ముప్పు పెరుగుతుంది. మరీ లోతుకు పాతుకుపోతే కాన్పులో మాయ ఊడిరాదు. తీవ్ర రక్తస్రావమవుతుంది.

చోటు తప్పితే ముప్పే

రెండోది మన రాష్ట్రం ప్రత్యేకంగా ఆలోచించాల్సిన సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశంలో అదే అత్యధికం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం సగటు 21.5 శాతమే. సిజేరియన్ కోత మానిన చోట మచ్చ పడుతుంది. మామూలు చోట పిండాన్ని 'ఇంతవరకే' అని ఆపే మెత్తటి పొర, మచ్చ మీద సరిగా పెరగదు. తర్వాతి కాన్పులో పిండం వచ్చి అక్కడే అంటుకుంటే అడ్డూ అదుపూ లేకుండా లోపలికి దిగిపోయే ప్రమాదం ఉంది. సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ ఈ ముప్పూ పెరుగుతుంది. మొదటి బిడ్డను ఆపరేషన్‌తో కన్నవారు రెండోసారి నెల తప్పగానే స్కానింగ్ చేయించుకుని, పిండం ఎక్కడ నిలిచిందో చూపించుకోవాలి. అవసరం లేని సిజేరియన్ వద్దనడానికి ఇంతకన్నా గట్టి కారణం ఏం కావాలి?

వందలో ఒకటి రెండు గర్భాలు అసలు గర్భాశయం దాకా రాకుండా నాళంలోనే నిలిచిపోతాయి. నాళం సాగదు. కొన్ని వారాలకు పగిలితే ప్రాణాపాయం. నెల తప్పాక పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, రక్తపు మరకలు, కళ్లు తిరగడం, భుజం దగ్గర పోటు... వీటిలో ఏది కనిపించినా 'తొలి నెలల్లో మామూలే' అని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మన దేశంలో నాళాలు, గర్భాశయం పొర దెబ్బతినడానికి జననాంగాల క్షయ కూడా ఓ ముఖ్య కారణం. దగ్గూ తెమడా లేకుండానే అది నిశ్శబ్దంగా నష్టం చేస్తుంది.

ఈ రెండు కథల్లోనూ ఓ తెలుగువాడి పేరు ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. బిడ్డ వెన్ను, మెదడుగా మారే గొట్టం గర్భం ఏర్పడిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. అందుకు ఫోలిక్ యాసిడ్ కావాలి. గర్భం కోసం ప్రయత్నించేటప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమనేది అందుకే. నెల తప్పిందని తెలిసేసరికే సగం సమయం గడిచిపోతుంది మరి! అదే లెడర్లీలో, ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులూ పుట్టాయి. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కే కాదు, నాళంలో నిలిచిన గర్భాన్ని తొలిదశలో కత్తి పెట్టకుండా కరిగించడానికీ వాడుతున్నారు. గర్భాన్ని కాపాడే మాత్ర, తప్పుచోట నిలిచిన గర్భం నుంచి తల్లిని కాపాడే ఇంజెక్షన్... రెండూ ఒకే గడప దాటి వచ్చాయి.

నిలవకుండా చేసే మాత్ర

గర్భం ఎలా నిలుస్తుందో తెలిస్తే నిలవకుండా ఆపడమూ తెలుస్తుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమాన్ అలాంటిదే. 1991లో 'సహేలీ' పేరుతో అమ్మకానికి వచ్చింది. 2016లో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి 'ఛాయ' పేరుతో చేరింది. ఇందులో హార్మోన్లు ఉండవు. గర్భాశయం పొర మీద ఈస్ట్రోజెన్ పనికి అడ్డం తిరిగి, పిండాన్ని స్వీకరించే పరిస్థితి లేకుండా చేస్తుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి చాలు. ప్రపంచమంతా రోజువారీ మాత్రల మీద ఆధారపడితే వారపు మాత్రను కనిపెట్టింది మనవాళ్లే.

ముందే చూసిన మహానుభావుడు

టెస్ట్‌ట్యూబ్ బేబీ అనగానే 1978 జులై 25న ఇంగ్లండ్‌లో పుట్టిన లూయీ బ్రౌన్ గుర్తొస్తుంది. సరిగ్గా 70 రోజుల తర్వాత అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో ఓ ఆడపిల్ల పుట్టింది. అండాలు ఎక్కువగా రావడానికి హార్మోను ఇంజెక్షన్లు ఇచ్చిన నెలలో గర్భాశయం పిండాన్ని స్వీకరించే స్థితిలో ఉండదని ఆయన గ్రహించారు. పిండాన్ని 53 రోజులు చలిలో భద్రపరిచి, తర్వాతి చక్రంలో ప్రవేశపెట్టారు. ఎవరూ నమ్మలేదు. ప్రభుత్వ కమిటీ కొట్టిపారేసింది. అవమానాలు భరించలేక 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో ముంబయిలో టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టుకకు కారకుల్లో ఒకరైన టి.సి.ఆనంద్ కుమారే, 1997లో ఆయన రాతలు చదివి 'మొదటి ఘనత ముఖోపాధ్యాయదే' అని చాటారు. పిండాన్ని గడ్డకట్టించి, గర్భాశయం సిద్ధమయ్యాక పెట్టడం నేడు ప్రపంచమంతా సర్వసాధారణం.

గర్భాశయం ఎంత విచిత్రమైనదో తెలుగునేల మీదే 2019లో మరోసారి తెలిసింది. ఆ ఏడాది సెప్టెంబరు 5న గుంటూరులో, తూర్పుగోదావరి జిల్లాకు చెందిన 70 ఏళ్లు దాటిన మహిళ కవలలకు జన్మనిచ్చింది. ఆమెకు నెలసరి ఆగి దశాబ్దాలైంది. మరొకరి అండంతో పిండాన్ని తయారుచేశారు. హార్మోన్లు అందగానే ఆ గర్భాశయం మళ్లీ మేల్కొంది! వయసుతో ముందుగా వాడిపోయేది అండమే తప్ప గర్భాశయం కాదని తెలిపే ఉదాహరణ ఇది. అయితే ఆ వయసులో కాన్పు గుండెకు, బీపీకి పెద్ద పరీక్ష. పిల్లల భవిష్యత్తూ ప్రశ్నే. ఈ తరహా వైద్యానికి స్త్రీలకు 50, పురుషులకు 55 ఏళ్ల వయోపరిమితిని 2021 నాటి చట్టం విధించింది. పేదలకూ ఈ వైద్యం అందాలన్న ఆలోచనతో 2023 అక్టోబరులో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించారు.

నిందలు వద్దు

ఐవీఎఫ్‌లో చూడచక్కని పిండాన్ని పెట్టినా ఒక్కోసారి నిలవదు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. గర్భాశయం పొర కూడా నాణ్యత లేని పిండాన్ని పసిగట్టి వద్దంటుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. ప్రకృతి పెట్టిన జల్లెడ అది.

ఈ సంగతి తెలియక ఎన్ని నిందలో! 'మెట్లెక్కింది', 'బరువెత్తింది', 'ప్రయాణం చేసింది'... అంటూ కోడలి మీదే నెపం. పిండం పెట్టాక రోజుల తరబడి మంచం దిగకుండా పడుకున్నా గర్భం నిలిచే అవకాశం పెరగదని అధ్యయనాలు తేల్చాయి. లోతైన పొరలో ఇమిడిన ప్రాణం మెట్లెక్కితే జారిపోదు. పైగా సంతానలేమి కేసుల్లో దాదాపు సగంలో మగవారి సమస్య కూడా ఉంటుంది. పరీక్షలు ఇద్దరికీ జరగాలి. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే, స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలకే, డాక్టర్ని కలవాలి.

ఆశతో ఉన్నవారి జేబుకు చిల్లు పెట్టే అదనపు చికిత్సల విషయంలోనూ జాగ్రత్త అవసరం. గర్భాశయం పొరను కాస్త గీరితే పిండం బాగా అంటుకుంటుందని చాలాకాలం నమ్మారు. 1364 మందిపై జరిపిన పరీక్షలో, గీరినా గీరకున్నా బిడ్డ పుట్టింది 26.1 శాతం మందికే అని 2019లో తేలింది. 'తలుపు' సరిగ్గా ఎప్పుడు తెరుచుకుంటుందో జన్యుపరీక్షతో చెబుతామన్న పద్ధతి కూడా, 767 మందితో జరిపిన పరీక్షలో ప్రయోజనం చూపలేకపోయిందని 2022లో ప్రకటించారు. ఏదైనా కొత్త చికిత్స చెబితే 'దీనివల్ల బిడ్డలు పుట్టే శాతం పెరుగుతుందని రుజువైందా డాక్టర్?' అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

మంచి విత్తనం, పదునైన నేల, సరైన అదను... మూడూ కుదిరితేనే మొలక అని రైతు ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. వాన రాలేదని నేలను తిట్టేవాడు రైతు కాదు. కడుపు నిలవని కోడలి విషయంలోనూ ఇంటివారికి ఆ మాత్రం ఓర్పు, ఆ మాత్రం ఇంగితం ఉంటే చాలు. మిగతాది... ఆ నాలుగైదు రోజుల్లో, కంటికి కనిపించని ఇద్దరు మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన సంగతి!